మన ఎండల్లో ల్యాబ్రడార్: నడిచే వేళ, తినే కొలత, ముక్కుకు పని

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో పెద్ద జాతి కుక్క అంటే చాలావరకు ల్యాబ్రడార్ రిట్రీవరే. ఈమధ్య గోల్డెన్ రిట్రీవర్ కూడా బాగా కనిపిస్తోంది. పిల్లలతో కలిసిపోతుంది, కొత్తవాళ్ళొచ్చినా తోక ఊపుతుంది, చెప్పింది ఇట్టే నేర్చుకుంటుంది అని చెప్పి అమ్ముతారు. అన్నీ నిజమే. అయితే ఇది చల్లటి నేలమీద, చల్లటి నీళ్ళలో రోజంతా పనిచేయడానికి తీర్చిదిద్దిన కుక్క అన్న సంగతి మాత్రం కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. ల్యాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో జాలర్ల వెంట ఉండే నీటికుక్కలు. 19వ శతాబ్దంలో వాటిని బ్రిటన్‌కు తెచ్చి, వేటలో నేలకూలిన పక్షిని వెతికి, పంటి గాటు పడకుండా నోట పట్టుకుని తెచ్చిచ్చే పనికి పెంచారు. 1903లో అక్కడ కుక్కల జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. గోల్డెన్‌ది స్కాట్లాండ్. 1868లో గిసాచన్ ఎస్టేట్‌లో పుట్టిన పిల్లలతో ఆ జాతి మొదలైంది.

వేటలో దీని పనిని గమనిస్తే అందులో పరుగు కొంతే. ఎక్కువసేపు కదలకుండా కూర్చోవాలి, పక్షి ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలి, పొదల్లో వాసన పట్టాలి, తెచ్చి చేతికివ్వాలి. మన ఇళ్ళలో వ్యాయామం అంటే పొద్దున ఓ పావుగంట, రాత్రి ఓ పావుగంట గొలుసు పట్టుకుని వీధి చివరిదాకా లాక్కెళ్ళి తీసుకురావడం. దాంతో కాళ్ళు కాస్త అలుస్తాయేమో గానీ బుర్రకు పనే ఉండదు. చెప్పులు కొరకడం, సోఫా చింపడం, గంటలకొద్దీ మొరగడం చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. దీనికి మందుగా నడక దూరం పెంచుతూ పోతే ఇంకో చిక్కు ఎదురవుతుంది. ఆ చిక్కు ఎండ.

ముందు వేళ చూసుకోవాలి

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. చెమట గ్రంథులు పాదాల మెత్తల్లో మాత్రమే ఉంటాయి, వాటివల్ల ఒళ్ళు చల్లబడేది నామమాత్రం. వేడి బయటికి పోవడానికి దానికున్న దారి రొప్పడం. నాలుక మీది, నోటిలోని తడి ఆవిరైతేనే రక్తం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి ఆరదు. అందుకే విశాఖలో 33 డిగ్రీల ఉక్కపోత సాయంత్రం, హైదరాబాద్‌లో 36 డిగ్రీల పొడి సాయంత్రం కంటే ల్యాబ్‌కు ప్రమాదకరం కావచ్చు. థర్మామీటర్ ఒక్కటే చూసి బయల్దేరేవాళ్ళు ఇక్కడే పొరబడతారు.

మార్చి నుంచి జూన్ దాకా పొద్దున నడక 5 గంటలకు మొదలై 6:30 లోపు ముగియాలి. సాయంత్రం 5 గంటలకు ఎండ తగ్గినట్టు కనిపించినా రోడ్డు చల్లారదు. గాలి 40 డిగ్రీలున్న రోజు తారు 60 దాటుతుంది, ఆ వేడిని పొద్దుగూకాక కూడా వదులుతూనే ఉంటుంది. అరచేతి వెనకభాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడాలి. ఉంచలేకపోతే కుక్కనూ నడిపించకూడదు. వేసవిలో రాత్రి నడకకు 8 దాటాక బయల్దేరడం మంచిది. కాలిన పాదం మొదట ఎర్రబడుతుంది, తర్వాత మెత్త పైపొర ఊడివస్తుంది. ఇంటికొచ్చాక కుక్క అదేపనిగా పాదాలు నాకుతుంటే వెంటనే తిప్పి చూడాలి.

వడదెబ్బ సంగతి వివరంగా తెలిసుండాలి, ఎందుకంటే అప్పుడు వెతుక్కునే సమయం ఉండదు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెంటీగ్రేడ్, అంటే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. ముందు కనిపించేది రొప్పులో తేడా. నాలుక వెడల్పుగా సాగి పక్కకు వేలాడుతుంది, చివర గరిటెలా విచ్చుకుంటుంది. నీడలో నిలబెట్టినా రొప్పు తగ్గదు. చొంగ చిక్కబడుతుంది, చిగుళ్ళు ఎర్రగా కందిపోతాయి. ఆ తర్వాత తూలుతుంది, కక్కుతుంది, కూలబడుతుంది. ఆటోనో కారునో వెతకడానికి ముందు చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకు చేర్చి, కుళాయి నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట కింద, తొడల మధ్య, చంకల్లో ఆపకుండా పోస్తూ ఫ్యాన్ పెట్టాలి లేదా దేనితోనైనా విసరాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయడం చాలామంది చేసే పని. కాసేపటికే ఆ తువ్వాలు వేడెక్కి ఒంటి వేడిని లోపలే ఆపేస్తుంది. స్పృహ ఉంటే నీళ్ళు ముందుంచాలి గానీ నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉష్ణోగ్రత 39.5కి దిగగానే నీళ్ళు ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. తేరుకుని లేచి తిరిగినా సరే వెళ్ళాల్సిందే. మూత్రపిండాల దెబ్బ, రక్తం గడ్డకట్టకపోవడం లాంటివి ఒకట్రెండు రోజుల తర్వాత బయటపడతాయి.

ల్యాబ్‌ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని ల్యాబ్రడార్లలో వంశపారంపర్యంగా వచ్చే ఒక జన్యులోపం వల్ల 5 నుంచి 15 నిమిషాల తీవ్రమైన పరుగు తర్వాత వెనక కాళ్ళు పట్టుతప్పి పడిపోతాయి. వడదెబ్బలాగే కనిపిస్తుంది, కానీ వాతావరణం చల్లగా ఉన్నా వస్తుంది. బంతి విసిరే ఆటలో ఉత్సాహం పెరిగినకొద్దీ వస్తుంది. దీనికి డీఎన్ఏ పరీక్ష ఉంది. ఒకసారి ఇలా పడిన కుక్కను మళ్ళీ పరుగెత్తించకుండా ముందు పరీక్ష చేయించాలి.

ఎంత నడవాలి

బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ల్యాబ్రడార్‌కు రోజుకు రెండు గంటలకు పైగా వ్యాయామం కావాలంటుంది. ఆ అంకెను అక్కడి వాతావరణానికి చెప్పారు. మన దగ్గర డిసెంబరు, జనవరి నెలల్లో ఆరోగ్యంగా ఉన్న రెండేళ్ళ ల్యాబ్‌కు పొద్దున గంట, రాత్రి ముప్పావుగంట సులభంగా పెట్టవచ్చు. మే నెలలో నడక రెండు పూటలా చెరో అరగంటకు తగ్గించి, మిగతా సమయాన్ని ఇంట్లో ముక్కు పనికి మార్చాలి. దూరం తగ్గితే కుక్కకు వచ్చే నష్టం పెద్దగా లేదు. రోజంతా చేసేందుకు ఏమీ లేకపోతేనే నష్టం.

కుక్కపిల్లల విషయంలో పొరపాట్లు ఎక్కువ. ఎముకల చివర ఉండే పెరుగుదల భాగాలు పెద్ద జాతుల్లో ఏడాది దాటాక గానీ పూర్తిగా గట్టిపడవు. నెల వయసుకు ఐదు నిమిషాల చొప్పున, అంటే నాలుగు నెలల పిల్లకు పూటకు ఇరవై నిమిషాలు గొలుసు నడక అన్న లెక్క చాలామంది పాటిస్తారు. దీనికి గట్టి శాస్త్రీయ ఆధారం లేకపోయినా హద్దుగా పనికొస్తుంది. ఆధారం ఉన్నది మెట్ల విషయంలో. నార్వేలో ల్యాబ్రడార్ సహా నాలుగు పెద్ద జాతుల పిల్లలపై జరిగిన పరిశోధన 2012లో వెలువడింది. మూడు నెలల లోపు మెట్లు ఎక్కి దిగిన పిల్లల్లో తుంటికీలు లోపం ఎక్కువగా వచ్చిందని, అదే వయసులో గొలుసు లేకుండా మెత్తటి, ఎగుడుదిగుడు నేలమీద ఆడుకున్న పిల్లల్లో తక్కువగా వచ్చిందని తేలింది. కాబట్టి లిఫ్ట్ లేని ఇళ్ళలో పిల్లను ఎత్తుకుని దించాలి. సిమెంటు మీద గంట నడిపించే బదులు పార్కు గడ్డిలో పదిహేను నిమిషాలు దాని ఇష్టానికి వదలాలి. అక్కడ అలిసినప్పుడు అదే కూర్చుంటుంది. గొలుసు పట్టుకుని నడిపిస్తే అలిసినా వెంట వస్తూనే ఉంటుంది.

మన ఇళ్ళలోని నున్నటి టైల్స్, గ్రానైట్ కూడా కీళ్ళకు చేటే. పిల్ల పరుగెత్తి మలుపు తిరిగినప్పుడల్లా వెనక కాళ్ళు బయటికి జారతాయి. అది తిరిగే దారిలో రబ్బరు అడుగున్న చాపలు, పాదాల మధ్య పెరిగిన బొచ్చు కత్తిరింపు, పొట్టి గోళ్ళు ఈ మూడూ ఉంటే జారడం చాలా తగ్గుతుంది. టైల్ మీద నడిచినప్పుడు టకటక వినిపిస్తే గోళ్ళు పెరిగాయన్నమాట. రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా తీయాలి.

బంతి ఆట గురించి కూడా కచ్చితంగా చెప్పాలి. ల్యాబ్ తనంతట తాను ఆపదు. యాభైసార్లు విసిరితే యాభైసార్లూ వెళ్తుంది. దూకి, గాలిలో తిరిగి, ఒక్క కాలిమీద దిగడం మోకాలి లిగమెంటు తెగడానికి, భుజం నొప్పికి దారితీస్తుంది. ఎనిమిది పదిసార్లు విసిరి ఆపాలి. బంతిని గాలిలోకి ఎగరేయకుండా నేలమీద దొర్లించాలి. ఇంకా మేలైన పద్ధతి, కుక్కను కూర్చోబెట్టి, బంతి ఆగిపోయాక "తే" అని పంపడం. ఆగడం, గుర్తుంచుకోవడం, వెళ్ళి వెతకడం మూడూ అందులోనే ఉంటాయి. దాని జాతి చేసిన పనీ అదే.

ఈత మంచి వ్యాయామమే గానీ చోటు చూసుకోవాలి. ఊరి మురుగు కలిసే చెరువులు, పచ్చటి నాచు పేరుకున్న కుంటలు వద్దు. ఆ నాచులో కొన్ని రకాలు గంటల్లో ప్రాణం తీస్తాయి. సముద్రానికి తీసుకెళ్తే తాగడానికి మంచినీళ్ళు వెంట ఉండాలి. దాహానికి ఉప్పునీళ్ళు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ఈతాడిన మర్నాడు తోక వేలాడిపోయి, ముట్టుకుంటే నొప్పితో అరిస్తే అది సాధారణంగా కండరం పట్టడమే. కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గుతుంది. మనుషుల పారాసెటమాల్, ఐబూప్రోఫెన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు.

వీధికుక్కలు మన నడకల్లో ఎప్పుడూ ఉండేవే. ఎదురైనప్పుడు గొలుసు బిగించి లాగితే ల్యాబ్ మెడ ఎత్తి, ఛాతీ ముందుకు పెట్టి నిలబడుతుంది. ఎదుటి కుక్కకు అది సవాలుగా కనిపిస్తుంది. గొలుసు వదులుగా ఉంచి, సూటిగా ఎదురెళ్ళకుండా పక్కగా చుట్టుతిరిగి దాటాలి. మెడపట్టీ బదులు ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) వాడితే 30 కిలోల కుక్క లాగినా చేయి జారదు, గొంతుమీదా ఒత్తిడి పడదు.

ముక్కుకు పని

మధ్యాహ్నం ఇంట్లో ఆడించే ఆట ఇలా మొదలుపెట్టవచ్చు. రోజు తిండిలో ఓ గుప్పెడు డ్రై ఫుడ్ పక్కన పెట్టాలి. కుక్క చూస్తుండగానే మూడు అట్టపెట్టెల్లో ఒకదానిలో నాలుగు గింజలు వేసి వెతకమనాలి. దొరికిన పెట్టెలోనే ఇంకో రెండు గింజలు వేయాలి, అప్పుడు వాసన పట్టిన చోటే బహుమతి అని దానికి అర్థమవుతుంది. రెండు మూడు రోజులయ్యాక దాన్ని వేరే గదిలో ఉంచి, చూడకుండా దాచాలి. తర్వాత పెట్టెలు తీసేసి తలుపు మూల, కుర్చీ కాలి పక్కన, పాత తువ్వాలు మడతలో దాచాలి. వెతికేటప్పుడు ముక్కు గబగబా చప్పుడు చేస్తుంది, తోక ఊపు మారుతుంది, వాసన తగలగానే తల టక్కున వెనక్కి తిరుగుతుంది. ఆ క్షణంలో మాట కలపకూడదు. పదిహేను నిమిషాలు ఇలా వెతికిన కుక్క చాలావరకు వెళ్ళి పడుకుంటుంది.

నడకలోనూ ఓ పది నిమిషాలు దాని ముక్కుకే వదిలేయాలి. ఏ స్తంభం దగ్గర ఎంతసేపు ఆగాలనుకుంటే అంతసేపు ఆగనివ్వాలి. తొందరపెట్టి లాగేస్తే నడకలో దానికి పనికొచ్చే భాగమే పోతుంది.

పళ్ళెంలో ఎంత

ల్యాబ్ ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది. దీనికి కొంత కారణం జన్యువుల్లోనే ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించడాన్ని గుర్తించారు. ప్రతి నాలుగు ల్యాబ్రడార్లలో దాదాపు ఒకదానికి ఈ లోపం ఉంది. అలాంటి కుక్కకు తిన్నా ఆకలి తీరినట్టు ఉండదు, పైగా విశ్రాంతిలో ఒళ్ళు ఖర్చుచేసే శక్తీ తగ్గుతుందని అదే బృందం తర్వాత తేల్చింది. అది జాలిగా చూసిందని పెట్టే ప్రతి ముద్దా బరువుగా మారుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. 30 కిలోల బరువుండి, సంతాన నిరోధక ఆపరేషన్ అయిన పెద్ద ల్యాబ్‌కు రోజుకు సుమారు 1,260 కేలరీలు చాలు. మార్కెట్లో దొరికే చాలా డ్రై ఫుడ్‌లలో 100 గ్రాములకు 350-370 కేలరీలుంటాయి కాబట్టి రోజు మొత్తానికి దాదాపు 350 గ్రాములు. కప్పుతో కొలవకుండా వంటింటి త్రాసుతో తూచాలి, కప్పు కొలతలో తేడా ఎక్కువ వస్తుంది. ఒక గ్లూకోజ్ బిస్కెట్ సుమారు 25 కేలరీలు. కిలోమీటరు మామూలు నడకకు ఈ కుక్క ఖర్చు చేసేది కూడా అంతే, 25-30 కేలరీలు. ఇంట్లో నలుగురూ టీ తాగుతూ తలా రెండు బిస్కెట్లు పడేస్తే, అది కరగాలంటే ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. బరువు తగ్గించడానికి నడక పెంచుదాం అనుకునేవాళ్ళు ఈ ఒక్క లెక్క చూసుకోవాలి.

రోజూ పెరుగన్నం పెట్టే ఇళ్ళు ఎన్నో. 800 గ్రాముల అన్నం, 300 గ్రాముల పెరుగు కలిపితే కేలరీలు 1,220 దాకా వస్తాయి, ప్రొటీన్ మాత్రం 32 గ్రాములు మించదు. ఈ కుక్కకు కావాల్సింది కనీసం 60. కడుపు నిండుతుంది, కండ తరుగుతుంది, కొవ్వు పేరుకుంటుంది, బొచ్చు మెరుపు పోతుంది. ఇంటి తిండే పెట్టాలనుకుంటే ఎముకల్లేని పచ్చి చికెన్ 400 గ్రాములు తూచి ఉడికించి, అన్నం 450 గ్రాములు, ఒక గుడ్డు, గుమ్మడికాయ లేదా సొరకాయ 100 గ్రాములు, చెంచా నూనె కలిపితే కేలరీలు, ప్రొటీన్ సరిపోతాయి. క్యాల్షియం సరిపోదు. పిండిలా నూరిన గుడ్డు పెంకు ముప్పావు చెంచా దాన్ని భర్తీ చేస్తుంది. జింకు, అయొడిన్, విటమిన్ ఇ లాంటివాటికి డాక్టర్‌ను అడిగి సప్లిమెంట్ కలపాలి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి పడకూడదు.

ఇదంతా పెద్ద కుక్కకు. కుక్కపిల్లకు పెద్ద జాతుల పప్పీ ఫుడ్ పెడుతున్నప్పుడు దానిపైన క్యాల్షియం సిరప్ పోయడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. ఎముక గట్టిపడుతుందని పోస్తారు, కానీ కుక్కపిల్ల పేగులు ఎక్కువైన క్యాల్షియాన్ని ఆపలేవు. ఎముకల పెరుగుదల వంకర పోతుంది. ఆ సిరప్ మానేయాలి.

ల్యాబ్ ఇంట్లో వేసవిలో మామిడి టెంక, వానాకాలంలో మొక్కజొన్న కండె ఎప్పుడూ మూతున్న చెత్తబుట్టలోకే పోవాలి. రెండూ పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా తెచ్చేవే. ఎండుద్రాక్ష, చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ విషాలు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గుచ్చుకుంటాయి. తిండికీ పరుగుకూ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. పొట్ట ఉబ్బి, కక్కాలని ప్రయత్నిస్తున్నా ఏమీ రాక, నిలవలేక తిరుగుతుంటే జీర్ణాశయం మెలిపడి ఉండవచ్చు. అర్ధరాత్రయినా అప్పుడే బయల్దేరాలి.

బరువు సరిగ్గా ఉందో లేదో చేత్తోనే తెలుస్తుంది. పిడికిలి బిగించి వేళ్ళ కణుపుల మీద చేయి రాస్తే ఎలా ఉంటుందో, పక్కటెముకల మీద నొక్కకుండా రాస్తే అలా తగలకూడదు, అది బక్క. అరచేతి లోపలి వైపు తాకినట్టు మెత్తగా, ఎముక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే లావు. చేతి వెనకవైపు తాకినట్టుంటే సరైన బరువు. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి.

బొచ్చు, చెవి, పిడుదులు

వేసవి వచ్చిందని గుండు గీయించడం మేలు చేయదు. రెండు పొరల బొచ్చు ఎండ చర్మానికి నేరుగా తగలకుండా అడ్డుపడుతుంది, గీసేస్తే గోల్డెన్‌లో తిరిగి సరిగ్గా మొలవకపోవచ్చు. దువ్వి రాలిపోయే లోపొరను తీసేస్తే గాలి ఆడుతుంది. ల్యాబ్‌కు రబ్బరు బ్రష్‌తో వారానికి రెండుసార్లు, గోల్డెన్‌కు పొడవు పళ్ళ దువ్వెనతో రోజు మార్చి రోజు. స్నానం మూడు నాలుగు వారాలకోసారి, కుక్కల షాంపూతోనే. వానాకాలంలో గోల్డెన్‌ను తడి ఆరకుండా వదిలితే చెవుల కింద, తొడలపైన ఒక్కరోజులోనే చీము కారే పుండు లేస్తుంది.

చెవులు వేలాడతాయి కాబట్టి లోపల గాలి ఆడదు, ఫంగస్ చేరుతుంది. వారానికోసారి వాసన చూడాలి. పుల్లటి వాసన, గోధుమరంగు గులిమి, తల విదిలించడం కనిపిస్తే చూపించాలి. శుభ్రానికి చెవుల ద్రావణం పోసి, చెవి అడుగున పిసికి, విదిలించనిచ్చి, బయటికి వచ్చింది దూదితో తుడవాలి. బడ్స్ లోపలికి పెట్టకూడదు, కొబ్బరినూనె పోయకూడదు.

పిడుదులు మన దగ్గర ఏడాది పొడుగునా ఉంటాయి. ఇక్కడి గోధుమరంగు పిడుదు ఇంట్లోనే కాపురం పెడుతుంది. కుక్కమీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో, మంచం కింద, బాల్కనీ మూలల్లో గుడ్లుగా, పిల్లలుగా ఉంటాయి. అందుకే ఒక్కసారి మందు వేసి ఊరుకుంటే నెల తిరక్కుండా మళ్ళీ వస్తాయి. నమిలే మాత్రల్లో కొన్ని నెలరోజులు, కొన్ని దాదాపు 12 వారాలు పనిచేస్తాయి, వరసగా వేస్తేనే ఇంట్లోని సంతతి తెగుతుంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. రోజూ నడక తర్వాత చెవుల లోపల, వేళ్ళ మధ్య, మెడపట్టీ కింద, తోక మొదట్లో తడిమి చూడాలి. దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా సూటిగా లాగాలి, అగ్గిపుల్లతో కాల్చకూడదు. కుక్క తిండి మానేసి, జ్వరంతో పడుకుని, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కునుంచి రక్తం వచ్చినా పిడుదుల కాటుతో వచ్చే టిక్ ఫీవర్ అని అనుమానించి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ప్లేట్‌లెట్లు పడిపోయాక మొదలుపెట్టే వైద్యం కష్టం. రేబిస్, లెప్టోస్పైరోసిస్ టీకాలు ఏటా తప్పకూడదు. రెండోది ఎలుకల మూత్రం కలిసిన వాననీళ్ళనుంచి వస్తుంది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఏడాది లోపు చేయిస్తే ఈ జాతుల్లో కీళ్ళ జబ్బులు పెరుగుతాయని అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు చూపించారు. ఎప్పుడు చేయించాలో ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని డాక్టర్‌తో మాట్లాడాలి.

ఏడెనిమిదేళ్ళు దాటాక నడక మానేయకూడదు, ముక్కలు చేయాలి. ఒక గంట బదులు నాలుగు పావుగంటలు. పడుకుని లేచేటప్పుడు బిగుసుకుపోవడం, కారెక్కడానికి వెనకాడటం వయసు లక్షణాలని వదిలేస్తారు, చాలాసార్లు అవి కీళ్ళ నొప్పి, దానికి మందుంది. 48 ల్యాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తోడబుట్టినవాటి కంటే 25 శాతం తక్కువ తిన్న కుక్కల ఆయుష్షు మధ్యస్థంగా 13 ఏళ్ళు, మామూలుగా తిన్నవాటిది 11.2. కీళ్ళవాపుకు మందు అవసరం కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. ముసలి ల్యాబ్‌కు నెలకోసారి బరువు తూచి రాసిపెట్టాలి. వారానికోసారి గొంతు నుంచి తొడల దాకా రెండు చేతులతో తడమాలి, ముఖ్యంగా గోల్డెన్‌ను, వాటిలో క్యాన్సర్లు ఎక్కువ. కొత్త గడ్డ తగిలితే సైజు కొలిచి, తేదీ వేసి, ఆ వారంలోనే సూది పరీక్షకు తీసుకెళ్ళాలి.